నాలుగో షరతు

హేమ మైనర్ సబ్జెక్టుగా అంతర్జాతీయ వాణిజ్యం తీసుకున్నది ఒక మనిషి మీద పగ తీర్చుకోవడానికి. ఈ మాట మొదటి వారమే నాతో చెప్పింది. నేను బరంపురం కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పే పంతులమ్మను, పేరు హరిచందన. ఏ శాఖవాళ్లయినా చేరొచ్చు గాని, వృక్షశాస్త్రం పిల్ల ఇటెందుకొచ్చిందా అని అడిగాను.

"ఫారినోడికి ఏటి కావాలో తెల్సుకోవాల మేడమ్. తెల్సుకుని ఒకడి నోరు ముయ్యాల," అంది. కామర్స్ కుర్రాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారని ముందు బెంచీలో కూర్చుంది.

వాళ్లది చికిటి దగ్గర పల్లె. వానాకాలం వస్తే అక్కడి ఆడవాళ్లు తెల్లవారుజామునే మొగలిపొదల్లోకి దిగుతారు. ముళ్లాకుల మధ్య నుంచి పువ్వులు కోసి, ఎండెక్కకముందే భట్టీకి మోస్తారు. భట్టీ అంటే పువ్వులు ఉడకబెట్టి అత్తరు దించే చోటు. యజమాని ఢిల్లీశ్వరరావు. తన అత్తరు విదేశాలకు వెళ్తుందని ఆయనకు మహా గర్వం. కొనే కంపెనీ పంపిన ఇంగ్లిష్ కాగితానికి పటం కట్టించి, పువ్వులు లెక్కపెట్టే బల్ల పైన తగిలించాడు. ఏటా విశ్వకర్మ పూజకు యంత్రాలతోపాటు దానికీ పసుపు కుంకుమలే. ఆడవాళ్లు దానికి దణ్ణం పెట్టుకుని మరీ బుట్టలు దించేవారు. ఏ బుట్టయినా వద్దనాలంటే ఆయన పటం వైపు వేలు చూపేవాడు. "నాను సెప్పింది కాదు, అక్కడ రాసుంది. రేకు ఇడిన పువ్వు పనికిరాదు."

హేమకు పదేళ్లప్పుడు వాళ్లమ్మ కూర్మమ్మ బుట్టకు ఆ గతి పట్టింది. "బద్దకపు సెయ్యి! ఎండెక్కాక కోస్తే రేకు ఇడదేటి?" అంటూ అందరి ముందూ బుట్టను తన్నాడు. పనికిరాదన్న పువ్వుకు డబ్బివ్వరు, పువ్వూ తిరిగివ్వరు. మరిచిపోయిన కొడవలి కోసం హేమ వెనక్కి వెళ్లి చూస్తే, ఆ పువ్వులనే అత్తరు కోసం ఉడికించే రాగి డేగిసాలో పోస్తున్నారు.

ఇంటికొచ్చి చెబితే తల్లి నమ్మలేదు. "పటంలో రాసుందంట కదే అమ్మీ. నా సెయ్యే మంచిది కాదు," అంది. తోటివాళ్లు కోతకు ఆమెను పిలవడం మానేశారు. ఎదురొస్తే పువ్వు రేకు విడిపోతుందన్నారు. చివరికి ఆమె పువ్వు కోతే వదిలేసి, బరంపురం అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతూ కూతుర్ని చదివించింది. ఇదంతా హేమే నాతో చెప్పింది. మాదీ వర్తకుల ఇల్లే. మా తాత ఏ కాగితం చూపించి ఎవరి నోరు కొట్టాడో ఎవరికి తెలుసు!

మూడో సెమిస్టర్లో ఒక పని ఇచ్చాను. మీ ఊరి నుంచి విదేశాలకెళ్లే సరుకేదైనా ఎంచుకుని, కొనేవాడు పెట్టిన షరతుల కాగితం సంపాదించి తెమ్మన్నాను. అమ్మేవాడి నోటి మాట నమ్మొద్దని కూడా చెప్పాను. హేమ తిన్నగా భట్టీకి వెళ్లింది. ఢిల్లీశ్వరరావు గుర్తుపట్టలేదు. తన పటం కాలేజీదాకా వెళ్తుందనేసరికి పొంగిపోయి, గాజు మీద పేరుకున్న కుంకుమను స్వయంగా తుడిచి ఫోటో తీసుకోనిచ్చాడు.

మర్నాడు ఫోన్ నా ముందు పెట్టింది. నాలుగో షరతు: కోసిన నాలుగు గంటల్లోగా పువ్వు డేగిసాలో పడాలి, రేకు విడినా అభ్యంతరం లేదు.

"ఆయనకు ఇంగ్లిష్ రాదేమో," అన్నాను.

"రాకపోతే ఆ పువ్వులు పారబోసీవోడు కదా మేడమ్. డేగిసాలో ఎందుకేసినాడు?"

వెంటనే వెళ్లి కడిగెయ్యమన్నాను. విశ్వకర్మ పూజ ఇంకా నెల ఉంది, ఆగుతానంది. ఆ నెలంతా ఆ పిల్ల పెళ్లివారింట్లో ఉన్నంత హుషారుగా తిరిగింది. పూజనాడు కాగితంలో ఉన్నదంతా ఆడవాళ్లకు చదివి వినిపిస్తానని ఆయన్నే అనుమతి అడిగింది. ఆయన మురిసిపోయి సరేనన్నాడు.

నేనూ వెళ్లాను, ఆయన మొహం చూడాలని. నలభైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. కూర్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. హేమ ఒక్కో షరతూ ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో చెప్పుకుంటూ పోయింది. మూడు షరతులదాకా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. నాలుగోది మాత్రం హేమ మూడుసార్లు చదివింది.

జగ్గమ్మ అనే ముసలామె లేచింది. "అయితే ఇన్నేళ్లూ మా పువ్వులేటి సేసినావు బాబూ?"

"అది పాత కాయితం," అన్నాడాయన.

"పాతదానికి మాసేత దణ్ణాలెందుకు ఎట్టించినావు?"

ఆయన చూపు కూర్మమ్మ మీద పడింది. హేమ ఎవరో అప్పటికి అర్థమైంది. "మీ అమ్మని రేపట్నుంచి పంపమ్మా. ఎన్ని పువ్వులు తెస్తే అన్నీ తీసుకుంటాను," అన్నాడు. గుమ్మం దగ్గర కూర్మమ్మ ఏడుస్తోంది. చదువుకున్న పిల్ల క్షమించెయ్యాలని తర్వాత మా స్టాఫ్ రూములో ఒకరన్నారు. అంట్లు తోమింది వాళ్లు కాదు కదా, ఎన్నయినా చెబుతారు.

మర్నాటి నుంచి కూర్మమ్మ రోజూ భట్టీకి వెళ్తోంది, బుట్ట లేకుండా. తెల్లారేసరికి బల్ల పక్కన నిలబడుతుంది. ఆయన ఒక్క పువ్వు పక్కన పెట్టినా నాలుగో షరతు గట్టిగా అప్పజెబుతుంది. మూడోనాడు ఆయన పటం తీసేశాడు గాని, అప్పటికే ఆమెకు కంఠతా వచ్చేసింది. లెక్క ముగిశాకే బరంపురం బస్సెక్కుతుంది.

నెల తిరిగాక ఒకరోజు ఆయన ఉండబట్టలేక, "కొయ్యవు, అమ్మవు. రోజూ ఎందుకొస్తన్నావే?" అని అరిచాడు.

"నీ మొగం సూడ్డానికి బాబూ," అంది కూర్మమ్మ. "పదేళ్లు నా మొగం ఎవులికీ సూపించుకోలేకపోనాను. ఇంకా తొమ్మిదేళ్ల పదకొండు నెల్లుంది, సూస్తాను."