గడి లేని నేరం

అమెరికాలోని టొలీడోలో మా స్కూలు ఆఫీసులో వెర్నెల్ టిబ్స్ గారు ఇరవై ఏడేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుంటున్నారు. పక్క కుర్చీ నాది. అల్లరి చేశారని టీచర్లు పిల్లల మీద రాసి పంపే స్లిప్పులన్నీ ముందు ఆవిడ చేతిలో పడాలి, ఆ తర్వాతే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలి. మా టీచర్ల పాండిత్యం చూడాలంటే ఆ స్లిప్పులే చదవాలి. తెల్లపిల్ల బల్ల మీద దరువేస్తే "హుషారెక్కువ". అదే దరువు మా నల్లపిల్ల వేస్తే "ధిక్కారం". పెన్సిళ్లు మాత్రం ఒకే కంపెనీవి.

ఆవిడకి ఇదేం కొత్త కాదు. పన్నెండేళ్లప్పుడు టీచర్ వైపు అదోలా చూసిందని ఆవిడనీ మూడు రోజులు ఇంటికి పంపేశారట. ఎలా చూశారో ఇప్పటికీ ఆవిడకే తెలీదు. అందుకే "పొగరు" అని రాసిన స్లిప్పు వస్తే చాలు, తిప్పి పంపేస్తారు. "ఏం చేసిందో రాయండి సార్. పొగరుకి నా ఫారంలో గడి లేదు."

మొన్న మంగళవారం ఏడో తరగతి చదివే జనేసా అనే నల్లపిల్లని ఆఫీసుకి పంపారు. క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని పక్కగదిలో కూర్చుంది. ఆ పిల్లకిది మూడో స్లిప్పు. మూడు పడితే ఐదు రోజులు ఇంటికే. శుక్రవారం బ్యాండు పోటీలో ఒంటరిగా వాయించాల్సిన పిల్ల, ఆ ఆశ గాల్లో కలిసిపోయినట్టే. పంపింది లెక్కల మాస్టారు గ్రబర్ గారు.

మధ్యాహ్నం ఆయనే కాఫీ కోసం వచ్చారు. రోజుకి అరడజను స్లిప్పులు రాసే మనిషి, ఏది ఎవరిమీద రాశారో ఆయనకెక్కడ గుర్తు?

వెర్నెల్ గారు స్లిప్పు మీది పేరుని బొటనవేలితో మూసి చదివారు. "ఒక సలహా చెప్పండి సార్. పిల్ల పెన్సిల్‌తో బల్ల మీద కొట్టింది. ఆపమంటే 'నేను కాదు' అంది. ఏం చేద్దాం?"

ఆయన కాఫీ ఊదుకుంటూ నవ్వారు. "ఏముందండీ, సీటు మార్చమనండి. దీనిక్కూడా ఆఫీసుకి పంపుతారా? ఎవరా మహానుభావుడు?"

"మీరే. పొద్దున రెండో పీరియడ్."

కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "అది వేరేనండీ. ఆ అమ్మాయి ధోరణి..."

"ధోరణికీ గడి లేదు సార్. సీటు మార్చమన్నారుగా, అదే రాసి సంతకం పెట్టండి."

పెట్టారు. చూస్తున్న నాకు కడుపు నిండిపోయింది.

"రా తల్లీ," అని పిలిచారు వెర్నెల్ గారు. "స్లిప్పు రద్దయింది. శుక్రవారం దంచెయ్."

జనేసా గుమ్మం దగ్గర నిలబడింది. మొహంలో సంతోషం లేదు.

"పెన్సిల్ కొట్టింది నేను కాదు సార్," అంది. "ఎవరైనా అడుగుతారేమోనని చూశాను."

గ్రబర్ గారు కప్పులోకి చూశారు. వెర్నెల్ గారు పిప్పరమెంట్ల గిన్నె ముందుకి జరిపారు, ఆ పిల్ల తీసుకోలేదు. రెండు గంటలు మా పక్కగదిలోనే ఉంది. మేమిద్దరమూ అడగలేదు.