దీవెనకు చాచిన కాలు

మా ఆయన నేతగాడు. గుంటలో కాళ్లు పెట్టి మగ్గం మీద కూర్చున్నాడంటే ఇక ఆ కాళ్లు మగ్గానివే, ఆయనకు వాటితో సంబంధం లేదు. మగ్గం మాకు దేవుడు, అక్కడ చెప్పులు వేసుకోకూడదు. ఆ అలవాటుతో ఆయన బయటికీ వట్టి కాళ్లతోనే తిరిగేవాడు. షుగర్ వచ్చింది, కాళ్లు జాగ్రత్త అంటే, "నా కాళ్లకేమైతాది?" అనేవాడు.

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కదా, షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు చూపించుకోవాలని మా వీధి ఆసుపత్రి గోడ మీద రాసింది చదివాను. చదివిన పాపానికి ఆయనను తీసుకుపోయే పనీ నాదే అయింది.

అక్కడి నర్సమ్మ మా చిన్న కూతురి ఈడుది. కింద కూర్చుని పాదం పట్టుకోగానే ఆయన చెయ్యెత్తాడు.

"పిల్లాపాపల్తో సల్లగా ఉండు తల్లీ."

"దీవెన తర్వాత ఇద్దువుగాని పెద్దనాయనా. కాలికి స్పర్శ ఉండాదో లేదో చూడాల, కండ్లు మూసుకో. ఈ నైలాన్ దారం కాలికి ఆనించినప్పుడల్లా చెప్పు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "తగుల్తాండాది," అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు శానా బాగా తగుల్తాండాది."

"నేనింకా ముట్టుకోనే లేదప్పా."

గదిలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆమె మడమ తిప్పి చూపించాక నా నవ్వు ఆగిపోయింది. తుమ్మముల్లు లోపలే విరిగి ఉంది, చుట్టూ చీము. ఆ మడమతోనే ఆయన రోజూ మగ్గం తొక్కుతున్నాడు.

ముల్లు తీసి కట్టు కడుతూ నర్సమ్మ అంది: "ఇంకొన్నాళ్లు పోనిచ్చింటే కాలు తీసేయాల్సొచ్చేది. దినామూ అరికాళ్లు చూసుకోవాల."

కాలు పోతే మగ్గం పోయినట్టే. అయినా ఆయన, "మా ఆడమనిషి చూస్తాదిలే," అన్నాడు.

"కాలు నీదా, ఆయమ్మదా? కింద అద్దం పెట్టుకోని నువ్వే చూసుకో."

ఆ సాయంత్రం కాలు చాచి, "ఏమే, రా, చూడు," అని పిలిచాడు.

"అద్దం గూట్లో ఉండాది," అని నేను వంటింట్లోనే కూర్చున్నాను. మీసం దువ్వుకోవడానికి తప్ప పట్టని అద్దాన్ని గొణుగుతూ నేల మీద పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున కేక వేశాడు. "బొటనేలు కింద ఎర్రగా ఉండాది!" నేను చూడబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నీకేం తెలుస్తాది? నర్సమ్మకు సూపియ్యాల."

చెప్పులేసుకుని ఒక్కడే బయల్దేరాడు. వీధిలో ఎదురైన ప్రతి మగవాణ్నీ ఆపి, "మగోడన్నాక కాళ్లు సూసుకోవాలప్పా," అని బోధిస్తూ పోయాడు.