దగ్గరి డబ్బా

సోలార్ పార్కులో నా పని, ప్యానెళ్ల వేడి కొలిచే సెన్సర్ డబ్బాలను చూసుకోవడం. వాటికి తీగలుండవు. దూరపు డబ్బా తన రీడింగును పక్కదానికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. అలా చేతులు మారి అన్నీ కంట్రోల్ రూమ్ పక్కనున్న డబ్బాకు చేరేవి. అందరి బరువూ అదే మోసేది కాబట్టి దాని బ్యాటరీయే ముందు చచ్చేది. అది చచ్చిందంటే వెనకవన్నీ బాగున్నా మూగవే. ఇంజనీర్ల తిట్లు నాకు.

దారి చెప్పింది మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మా వేరుశనగ చేను ఉండిన చోటే ఇప్పుడు ప్యానెళ్లు కడుగుతూ, వాటి కింద గడ్డి పీకేది. నా గోడు విని నవ్వింది.

"మనూర్లో గొర్లు ఎట్ల కాస్తాంటిమిరా? ఇల్లు దగ్గరుండాదని దినామూ ఒకరే పోతాంటిరా? ఇంటికొక దినం వంతు. నీ డబ్బాలకూ వంతు పెట్టప్పా."

పెట్టాను. కంట్రోల్ రూమ్‌కు అందే దూరంలో ఆరు డబ్బాలున్నాయి. ఏ రోజు దేనిలో బ్యాటరీ ఎక్కువుంటే ఆ రోజు మోత దానిది. కొన్ని రీడింగులు చుట్టు తిరిగి వచ్చేవి గానీ, డబ్బాలు బతికాయి. ఇంజనీర్లు భుజం తట్టారు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ మెప్పుతోనే, పనికి రానివాళ్లకు బదులు మనిషిని పిలిచే బాధ్యత కూడా తగిలించారు. మా ఇల్లు గేటు పక్కనే. అక్కకు ఫోన్ చేస్తే చిటికెలో వచ్చేది. తన సెలవు రోజునా ఆమెనే, తనకు జ్వరమొచ్చిన రోజునా ఆమెనే పిలిచాను. మెత్తని వాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు, అది నాలోనే ఉందని తెలియలేదు. ఫోన్‌లో ఇంకా పదిమంది నంబర్లున్నాయి.

"మోకాళ్లు పట్టుకోనుండాయిరా. ఈ పొద్దు ఇంకెవురినన్నా పిలుచు" అని ఒక్కసారే అడిగింది.

"ఈ ఒక్క దినం రాక్కా" అన్నాను. వచ్చింది.

మధ్యాహ్నం ప్యానెళ్ల కింద గడ్డి పీకుతూ కూర్చున్నది, లేవలేకపోయింది. నేనూ ఇంకో కూలీ కలిసి మోసుకొచ్చాం. మోకాళ్లు పూర్తిగా అరిగాయి, ఇక బాగుపడవు అన్నాడు పావగడ ఆస్పత్రిలో డాక్టరు. ఇప్పుడు గోడ పట్టుకోనిదే వాకిలి దాటలేదు. నా మీద నాకే అసహ్యం.

సాయంత్రం నేను ఇంటికి రాగానే అడుగుతుంది.

"ఈ పొద్దు యా డబ్బా వంతురా?"

"నాలుగోదక్కా."

సంతోషంగా తల ఊపుతుంది. తనకెందుకు వంతు పెట్టలేదని మాత్రం ఇంతవరకూ అడగలేదు.