పడవ అవ్వ లేని ఎనిమిదో భాగం

మొన్న ఆదివారం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్ మీద టపటపా కొడుతోంది. ఐదేళ్లుగా చదువుతున్న మంత్రగాళ్ల కథల వరసలో ఆఖరి పుస్తకం వచ్చిందట, చదివితే ఒళ్లు మండిపోయిందట. "ఏం రాస్తున్నావే?" అంటే "ఆ రైటర్ని కడిగేస్తున్నా అమ్మమ్మా" అంది. జూబ్లీహిల్స్‌లో మా అమ్మాయి ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే ఫిల్మ్‌నగర్ వైపు పగలగొట్టకుండా మిగిలిన బండలు ఇంకా రెండు మూడు కనిపిస్తాయి. నా చూపు అటు పోయింది. డిగ్రీ రెండో ఏడులో ఉండగా నేనూ ఒకాయన్ని కడిగేశాను, నీలం ఇన్‌లాండ్ కవరు మీద.

అప్పట్లో మేం వెంగళరావు నగర్లో ఉండేవాళ్లం. జానపద నవల ఒకటి భాగాలుగా వచ్చేది. మాంత్రికుడి చేతిలో నీడ పోగొట్టుకున్న రాకుమారుడు దాన్ని వెతుక్కుంటూ దీవులన్నీ తిరుగుతాడు. వాడి మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఎవరు చెప్పినా వినే రకం కాదు. నా ప్రాణమంతా పడవ అవ్వ మీద. ఆవిడ రేవు దాటించినందుకు ఏమీ పుచ్చుకోదు, అంతవరకూ ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్పమంటుంది. అద్దె పుస్తకాల షాపులో ప్రతి భాగానికీ నా పేరే ముందుండేది. ఎనిమిదోది ఆఖరిది. తెచ్చుకున్న రోజు అన్నం కూడా పుస్తకం చూస్తూనే తిన్నాను. తీరా చూస్తే, దీవులకు చెల్లాచెదురైనవాళ్లంతా ఒకే కోట ముంగిట్లోకి వచ్చి వరసగా నిలబడ్డారు, మాంత్రికుడికి బుద్ధి వచ్చింది, అందరూ నవ్వారు. సినిమాలో శుభం పడేముందు నిలబడతారే, అచ్చం అలాగే. పడవ అవ్వ ఊసే లేదు. కోపంతో ఏడుపొచ్చింది. ఆ కోపంలోనే పుస్తకం వెనక అట్ట మీది రచయిత చిరునామాకి ఉత్తరం రాసి గురువారం డబ్బాలో వేశాను. పేరు మాత్రం రాయలేదు. మా పిన్ని భర్త, అంటే మా బాబాయి, ఆ రచయితగారి దగ్గరే పనిచేసేవాడు. ఆయన సినిమాలకు చెప్పే మాటలు సాపుగా తిరగరాసిపెట్టడం, వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించడం బాబాయి పని. చూస్తే ఏడిపిస్తాడని "ఒక పాఠకురాలు" అని సరిపెట్టాను.

శుక్రవారం సాయంత్రం పిన్ని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వంటింట్లోకి లాక్కుపోయి, "ఎవరితోనూ అనకు. ఎనిమిదో భాగం రాసింది మీ బాబాయే. సారుకి షూటింగుల్లో తీరిక లేక ఈయన చేతిలో పెట్టారు. ఉత్తరాలు బాగా వస్తే వచ్చే నవల మీద ఈయన పేరు వేయిస్తానన్నారు. ఆదివారం పొద్దున కూర్చుని వింటారట" అంది. పన్నెండేళ్లుగా బాబాయి రాసిన అక్షరం ఒక్కటీ ఆయన పేరుతో అచ్చు కాలేదు. నిన్న డబ్బాలో వేసిన ఉత్తరం గుర్తొచ్చింది. "ఏమే, సంతోషం లేదా?" అంది పిన్ని.

శనివారం పొద్దున్నే ఉత్తరం వెనక్కిమ్మని అడగడానికి పోస్టాఫీసుకు పరిగెత్తాను. అక్కడి పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, "డబ్బాల ఏసినంక అది నీది కాదు బిడ్డా, ఎవరికి రాసినవో వాళ్లది" అన్నాడు. ఇప్పటికీ అంతకంటే సరైన మాట వినలేదు.

ఆదివారం బస్సులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెళ్లి అక్కణ్ణుంచి నడిచాను. అప్పుడక్కడ ఇళ్లకంటే బండలే ఎక్కువ. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ఎక్కాను. రచయితగారి గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, "ఏందమ్మా గట్ల ఉరుక్కుంట వచ్చినవ్? సారు గీ వరండాలనే ఉన్నడు. జర దమ్ము తీస్కో" అన్నాడు. దమ్ము తీసుకునే వీలు లేదు, చదవడం మొదలైపోయింది.

రచయితగారు పడక్కుర్చీలో, బాబాయి పక్కన స్టూలు మీద. కవర్లన్నీ బ్లేడుతో కోసి దొంతర పెట్టుకున్నాడు. "రామ్మా, మంచి రోజునే వచ్చావు" అన్నాడు నవ్వుతూ. నా ఇన్‌లాండ్ అట్టడుగున ఉంది, అంచుమీద సిరా మరక. "నేను చదువుతా, ఇలా ఇవ్వు బాబాయ్" అన్నాను. "అలవాటైన గొంతు ఉండగా నువ్వెందుకు, కూర్చో" అన్నాడు. ఉత్తరం ఉత్తరానికీ దొంతర తరిగింది. అన్నీ మెచ్చుకోళ్లే. ప్రతిదానికీ రచయితగారు తలూపేవారు, బాబాయి చెవులు ఎర్రబడేవి. అంతలో కాఫీ వచ్చింది. "ఇక చాల్లేవయ్యా, బాగానే ఉన్నాయి" అన్నారాయన. నా గుండె కుదుటపడింది. బాబాయి అడుగున చెయ్యిపెట్టి, "ఇంకొక్కటే ఉందండీ" అన్నాడు.

మడత విప్పాడు. నాకు పలక మీద అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. ఆయన చూపు నా దస్తూరీ మొదటి వరస మీదే ఆగిపోయింది. కటువైన మాటలుంటే దాటేసి చదవడం ఆయనకు అలవాటేనని ఇంట్లో చెప్పి నవ్వించేవాడు. దాటేస్తాడనే ఆశతో స్టూలు కేసి చూస్తూ కూర్చున్నాను. నా వైపు చూడకుండా, ఒక్క మాటా వదలకుండా చదివాడు. "ఎనిమిదో భాగం రాసిన చేతికి ఈ మనుషులంటే ఇష్టం లేదు. పని ముగించుకుని బస్సు అందుకోవాలన్నట్టు రాశారు. పడవ అవ్వ ఏమైంది? ఆవిణ్ణి మర్చిపోయినవారు ఈ కథ రాయకుండా ఉండాల్సింది." చదివి, మళ్లీ మడతపెట్టాడు.

రచయితగారు కప్పు కింద పెట్టారు. "ఆ అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదయ్యా. పేరు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు, మెత్తగానే. సినిమావాళ్ల ఇంట్లో తర్వాత చూద్దామంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

చెక్‌పోస్టు దాకా ఇద్దరం నడిచి దిగాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు, "దాటేసి చదవాల్సింది బాబాయ్" అన్నాను.

"మిగతావాళ్లంతా బావుందన్నారు. అవ్వ ఏమైందని అడిగింది నువ్వొక్కదానివే. ఎలా దాటేస్తాను?" అన్నాడు. "ఆవిణ్ణి మర్చిపోలేదమ్మా. పదిసార్లు రాశాను. పదిసార్లూ నాలాగే మాట్లాడింది. ఆవిడ సారు పుట్టించిన మనిషి, నా చేతికి రాలేదు. అందుకే మళ్లీ ఆ రేవుకి పోలేదు" అన్నాడు.

ఆ మాట పిన్నికి కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆయన పేరు ఏ పుస్తకం మీదా రాలేదు. ఓపికున్నన్నాళ్లూ అదే వరండాలో సాపు రాస్తూనే ఉన్నాడు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే క్షమించమని అడిగేదాన్ని. అడగలేకపోయాను.

"పంపేశావుటే?" అన్నాను మనవరాలితో. "ఎప్పుడో" అంది ఫోన్లోంచి తలెత్తకుండా. నా ఉత్తరం ఆ కొండెక్కడానికి మూడు రోజులు పట్టింది. దిగిరావడానికి ఇన్నేళ్లూ చాలలేదు.