తాకితే వెలగని ఎర్ర లైటు

మా నాన్న రాయగడలో టాక్సీగా తిప్పిన పాత అంబాసిడర్ ఇప్పుడు నాది. మొన్న వానల్లో దానికి కొత్త బ్రేకులు వేయించాను. ముందు చక్రాలకు డిస్కులు, పెడలు తేలిగ్గా దిగడానికి బూస్టరు. వేసింది కొరాపుట్ మెకానిక్కు, నాన్న స్నేహితుడు, నన్ను గౌన్లేసుకున్నప్పటి నుంచీ ఎరిగున్నవాడు. పని అయ్యాక తను సీట్లో కూర్చుని, నన్ను బండి వెనక నిలబెట్టి, బ్రేకు తొక్కి, "ఎర్ర లైటు ఎలిగిందా అమ్మి?" అని అరిచాడు. వెలిగింది. ఆ షెడ్డులో ఎవరి బండికైనా పరీక్ష అంతే. కాలు ఆయనది, కళ్ళు మనవి.

వారం తిరక్కుండా సునాబెడ నుంచి వస్తున్నాం, నేను కార్లో, మా చెల్లి వెనక స్కూటీ మీద. దిగుడు మలుపులో ఆవు అడ్డొస్తే బ్రేకు మెల్లగా తాకాను. బండి మెత్తగా ఆగింది. వెనక ధన్‌మని చప్పుడు. దిగి చూస్తే చెల్లి రోడ్డు మీద పడి ఉంది, కుడి మణికట్టు వంకరగా.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అది నా రోగం. చెల్లిని లేవదీయకముందే, బస్సు కోసం నిలబడ్డ నలుగురి ముందు, "కళ్ళు మూసుకొని నడుపుతున్నావేటి? అంత ఎర్ర లైటు కనబళ్ళేదా?" అని కేకలేశాను.

"ఎలగలేదక్కా" అంది ఏడుస్తూ.

నేను నమ్మలేదు. ఆసుపత్రిలో కట్టు కడుతున్నప్పుడూ తిట్టాను. ఇంటికొచ్చి మా ఆయన ముందూ తిట్టాను. చెల్లి నాతో మాట్లాడ్డం మానేసింది.

మూడో రోజు మా ఆఫీసు గేటు దగ్గర కాపలా ఆయన, "మేడం, మీ బండి ఆగినప్పుడు వెనక లైటు పడట్లేదు" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా షెడ్డుకు పోయాను.

ఆ రోజు విశ్వకర్మ పూజ. స్పానర్లు, జాకీలు అన్నీ కడిగి బొట్లు పెట్టి దేవుడి ముందు పేర్చి ఉన్నాయి. మెకానిక్కు ప్రసాదం పక్కన పెట్టి, సీట్లో కూర్చుని పెడలు ఒక్క తొక్కు తొక్కాడు. వెలిగింది.

"ఎలుగుతోంది కదేటి? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం."

"దిగు బాబాయ్. ఈసారి నువ్వు ఎనక నిలబడు" అన్నాను. కూర్చుని, ఆ రోజు తాకినట్టే తాకాను. "ఎలిగిందా?" ఆయన వంగి లైటు దగ్గరగా చూశాడు. "ఎలిగిందా?"

"లేదు."

కాసేపు నసిగి, "సామాన్లు పూజలో ఉన్నాయమ్మి. ఇయ్యాల ముట్టుకోకూడదు. రేపు రా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. "మా సెల్లి సెయ్యి నీ పూజ అయ్యేదాకా ఆగిందా?" అని బానెట్టు ఎత్తాను. బ్రేకు గొట్టానికి బిగించిన, ఆ లైటు వెలిగించే చిన్న స్విచ్చి, దానికి రెండు వైర్లు. అవి పీకి, గాజుకున్న పిన్నీసుతో కలిపాను. పూజలో లేని సామాను అదొక్కటే. వెనక రెండు లైట్లూ వెలిగాయి. అంటే బల్బులు బాగున్నాయి, వైర్లు బాగున్నాయి. తప్పు స్విచ్చిది. గొట్టంలో ఆయిలు గట్టిగా తోస్తే గానీ అది కదలదు. కొత్త బ్రేకులకేమో గట్టిగా తొక్కే పనే లేదు.

"పాత స్విచ్చే ఉంచేసేవా?"

"బాగానే ఉంది కదాని..." అన్నాడు. నోటికొచ్చినవన్నీ తిట్టాను. ప్రసాదం కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మర్నాడు ఆయనే మా ఇంటికొచ్చి, పెడలు కదిలితే చాలు వెలిగేలా దాని పక్కనే వేరే స్విచ్చి బిగించాడు. మా ఇంట్లోనే ఉన్న చెల్లి, ఎవరూ పిలవకుండానే కట్టు చేత్తో వచ్చి బండి వెనక నిలబడింది. నేను పెడలు తాకాను.

"ఎలిగింది" అంది. నెమ్మదిగా నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు నేను కళ్ళు తెరుసుకునే ఉన్నాను కదక్కా?"

"అవునే" అన్నాను. నాకే సరిగ్గా వినబడలేదు.

"గట్టిగా సెప్పక్కా" అంది. "ఆ రోజు అరిసినట్టు."