సత్తెమ్మ మెడ చుట్టూ నల్లమచ్చ

1944లో నేను ఆత్మకూర్ సర్కారు దవాఖానలో నర్సుని. యుద్ధం వల్ల నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. నేతవాళ్ల ఇళ్లలో రెండు పూటలా జొన్నరవ్వ ఉడికించిన గటక తప్ప మరొకటి లేదు.

ఒక ఉదయం గేటు ముందు ఎడ్లబండి ఆగింది. నేతపని చేసే బాలయ్య తన భార్య సత్తెమ్మను తెచ్చాడు. ఆమె కాళ్లూ చేతులూ పగ్గంతో కట్టి ఉన్నాయి.

"దయ్యం పట్టింది సిస్టరమ్మా. మంత్రగాడు కొట్టినా పోలే. బిడ్డను బాయిల ఏస్తనంటది. మీతోని గూడ గాకుంటె అర్రల ఏసి తాళం పెడ్తమని మా అన్నలంటున్నరు."

"ముందుగాల కట్లు ఇప్పు."

"ఇప్పితె ఉరుకుతది!"

"నేను పట్టుకుంట గద."

విప్పాక ఆమె పరుగెత్తలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గోడల్ల ఎవరో మాట్లాడుతున్నరక్కా. నీకు ఇనబడ్తలేదా?"

"నాకు ఇనబడ్తలేదు. నీకు భయమైతాందా?"

తల ఊపి ఏడ్చింది. అప్పటిదాకా ఆమెనెవరూ ఆ మాట అడగలేదట.

స్నానం చేయిస్తుంటే చూశాను. మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేచింది. ఎండ తగిలే ముంజేతులూ అంతే. నాలుక పుండులా ఎర్రగా ఉంది. చాలా రోజులుగా విరేచనాలని బాలయ్య చెప్పాడు. వెంటనే మా డాక్టర్ సాబ్‌ను పిలిచాను. ఆయన ఆమె చేతులు వెలుగులోకి తిప్పి చూశారు.

"సిస్టర్, ఇది పెల్లాగ్రా!"

జొన్న గటక ఒక్కటే తిని బతికేవాళ్లకు ఒక విటమిన్ తక్కువై వచ్చే జబ్బు అది. ముదిరితే మనసునూ కలవరపెడుతుంది. పుస్తకంలో చదివానే గాని కళ్లతో చూడటం అదే మొదలు. దానికి కావలసిన నికోటినిక్ యాసిడ్ మాత్రలు మా అల్మారాలో లేవు. డాక్టర్ సాబ్ ఆ పూటే బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్లారు. నేను పాలు, గుడ్లు, కాలేయం కూర తినిపిస్తూ ఆమె పక్కనే కూర్చున్నాను.

డాక్టర్ సాబ్ తెచ్చిన మాత్ర వేసిన కాసేపటికే సత్తెమ్మ ముఖం ఎర్రబడింది. బాలయ్య హడలిపోయాడు.

"ఈ గోలీకి మొకం అట్లనే ఎర్రబడ్తది. ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. కొన్నాళ్లకు ఒక పొద్దున గంజి పట్టుకెళ్తే తల దువ్వుకుంటోంది. నన్ను చూసి, "అక్కా, నా బిడ్డ ఏది? పాలు తాగిందా?" అంది.

గంజి గిన్నె అక్కడే పెట్టి వరండాలో పరుగెత్తాను. డాక్టర్ సాబ్ సగం గీసిన గడ్డంతోనే వచ్చేశారు. బాలయ్య నవ్వుతూనే ఏడ్చాడు.

కొన్ని నెలల తర్వాత సత్తెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి వాళ్ల వీధిలోనే ఉండే ఒక నేత యువకుడిని వెంటబెట్టుకుని.

"గీ తమ్మునికి గూడ మాటలు ఇనబడ్తున్నయట సిస్టరమ్మా. కట్టేస్తమన్నరు, నేనొద్దన్న. చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చిన."

అతని చర్మం, నాలుక శుభ్రంగా ఉన్నాయి. అది పెల్లాగ్రా కాదు. ఆ రోజుల్లో అతని జబ్బుకు మా దగ్గర మందే లేదు. అయినా చేర్చుకున్నాం. వేళకు అన్నం పెట్టాం, చెప్పింది విన్నాం, భయపడినప్పుడు దగ్గరున్నాం. మగ్గాలు మళ్లీ ఆడాక, ఇంటి దగ్గర కొన్ని రోజులు మగ్గం మీద కూర్చోగలిగేవాడు, కొన్ని రోజులు లేదు. మనసు జబ్బులన్నీ గోలీలతో పోవని అతని వల్ల తెలిసింది. మందు చేతికి రాకముందే వైద్యం మొదలుపెట్టవచ్చని మాత్రం నాకు నేర్పింది సత్తెమ్మే.