రెండున్నర గోల్స్

పక్క ఫ్లాట్ టీవీలో జనం ఒక్కసారిగా "హో" అని లేస్తే, ఇప్పటికీ నా చెయ్యి ముందు చొక్కా జేబులోని ఫోను మీదికి పోతుంది. దేవదానం మాస్టారు ఆ తరువాతే గుర్తుకొస్తారు. వరుస తప్పని తెలుసు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఫుట్‌బాల్ పందేల్లోని 'రెండున్నర' మర్మాన్ని చెన్నైలోని మా పురసవాక్కం మొత్తంలో ఎవరి సాయమూ లేకుండా ఛేదించిన మొదటి మనిషిని నేనే. నలభై ఏళ్ళు చీరల కొట్లో మీటర్లు కొలిచిన బుర్ర ఇది.

అబద్ధం. విప్పి చెప్పింది మాస్టారు. కొలిచింది కూడా ముప్పై ఒక్కేళ్ళే.

మాస్టారు మా కింది వాటాలో ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వయసులో గోల్‌కీపరు. కుడిచేతి వేళ్ళు రెండు చివరిదాకా వంకరగానే ఉండిపోయాయి. శనివారం సాయంత్రాలు ఆయన గదిలో విదేశీ మ్యాచ్ చూసేవాళ్ళం. మొదటి రోజే నా మోకాలి మీద తట్టి, "బంతిని చూడబాకు మునిరత్నం. బంతి లేనోడు యాడికి పోతా ఉండాడో చూడు" అన్నారు. ఆ మాట కొట్లో నాకు అన్నం పెట్టింది. చీర పట్టుకుని బేరమాడే ఆవిడను వదిలేసి, పక్కన నోరు మెదపకుండా కూర్చున్న ఆవిడ కళ్ళు చూసేవాణ్ణి. కొనేదీ మానేదీ తేల్చేది ఆమే. కొట్టు యజమాని, మా ముదలాళి, నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ ఆ తెలివి నాదేనని చెప్పుకున్నాను.

రిటైరయ్యాక పాత కొలీగు ఒకడు ఫోనులో పందేలు చూపించాడు. ఒకచోట 'ఓవర్ రెండున్నర, అండర్ రెండున్నర' అని ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను. ఊరికే తెలుసుకోవాలని ఉన్నట్టు మాస్టారిని అడిగాను. "చీరకైతే ఐదున్నర మీటర్లుంది, సరే. గోలుకు అర యాడిది సార్?"

ఆయన పడీ పడీ నవ్వారు. "రెండు జట్లవీ కలిపి ఎన్ని గోల్సో అదే లెక్క. మూడు గాని, అంతకుమించి గాని పడితే ఓవర్ అన్నోడు గెలస్తాడు. రెండు దాటకుండా ఆగిపోతే అండర్ అన్నోడు. ఉత్త రెండని గీత గీసినారనుకో, సరిగ్గా రెండే పడితే ఎవురు గెలిచినట్టు? పందెం వాపసియ్యాల. ఆ సందు మూసేదానికే ఈ అర. అది గడపప్పా. దాని మీద నిలబడేదానికి లేదు. లోపలుండు, లేకుంటే బయటుండు."

"అయితే ఎవరు గెలిచినా మనకొకటే!" అన్నాను సంబరంగా.

ఆయన నవ్వు ఆగింది. "సెరి, నువ్వు దేని మీద కాస్తా ఉండావు?"

"అండర్ సార్."

"అంటే ఏమీ జరగకూడదని కోరుకుంటా, గంటన్నర కూర్చోని చూస్తా ఉండావన్నమాట. నా పక్కనే."

ఆ రోజే పందేలు మానేశానని చాలామందికి చెప్పాను. మానలేదు. ఫోను బల్ల మీంచి జేబులోకి మారింది, అంతే. ఆయన చేతులెగరేసి "కొట్రా!" అని అరుస్తుంటే, పక్కన నేను లోలోపల 'వద్దు, వద్దు' అనుకునేవాణ్ణి. ఇద్దరం ఒకే ఆట చూస్తున్నామని ఆయన నమ్మారు.

తరువాత ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. చూపు మందగించింది, మాట తగ్గింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఒక శనివారం, కూతురు సుగుణ ఆయన్ను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. స్కోరు ఒకటీ ఒకటీ. ఆట అయిపోవస్తోంది. ఆ రోజు మాత్రం నేను పందెం కాయలేదు. అప్పుడు పడింది మూడో గోలు. మాస్టారు ఆ వంకర వేళ్ళతో చప్పట్లు కొట్టారు. నేనూ లేచి కొట్టాను. మూడు రోజులకు ఆయన వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఫోనులో ఆ పందేల యాప్ లేదు. ఆట చూస్తే బంతి లేనివాణ్ణే చూస్తాను. చివరిసారి ఆయనతో కలిసి సంతోషపడ్డానన్న ఒక్క తృప్తితో బతుకుతున్నాను.

ఇంతవరకు రాసి సుగుణకు చదివి వినిపించాను. తను చదువుకున్నది అరవంలో, తెలుగు అక్షరాలు రావు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా వింది.

"నువ్వు యాడ చప్పట్లు కొట్టినావు మామా? పందెం పోయిందని తిట్టి, రిమోట్ పెరుక్కోని టీవీ ఆపేసినావు. నాయన 'ఎవురేసినారు, ఎవురేసినారు' అని అడగతానే ఉండాడు. నువ్వు చెప్పలేదు. ఎవురేసినారో నీకూ తెలీదు."